పేరు నిలబెట్టుకున్న మనిషి: ఎ. రేవతి రచనా జీవితం



వార్షికోత్సవ సంచికకు పాఠంలాంటిది ఒకటి రాసివ్వమని వార్డెన్ గారు అడిగారు. మన సంచికలో ఏటా మహనీయుల జీవితాలు వస్తూనే ఉన్నాయి. అంబేడ్కర్, జ్యోతిరావు ఫూలే, సావిత్రీబాయి, జాషువా గార్ల గురించి మీరు ప్రసంగాలు కూడా ఇస్తున్నారు. అందుకే ఈసారి ఇంతవరకు మన సంచికలో పేరు రాని ఒక రచయిత్రిని తీసుకున్నాం. ఆమె పేరు ఎ. రేవతి. తమిళ రచయిత్రి. హిజ్రా. ఆమె ఆత్మకథను తెలుగులోకి తెచ్చింది మన విజయవాడ రచయిత్రే.

"మనకెందుకీ పాఠం?" అని కొందరు ముఖం చిట్లించవచ్చు. గుడివాడ నుంచో కైకలూరు నుంచో బెజవాడకు ప్యాసింజరు రైల్లో వచ్చేటప్పుడు మనందరికీ ఒక అనుభవం ఉంది. చప్పట్లు వినపడగానే కిటికీలోంచి బయటకు చూడడం, నిద్రపోయినట్టు నటించడం, లేదా పక్కవాడిని మోచేత్తో పొడిచి నవ్వడం. మేమూ అదే చేశాం. ఆ చప్పట్ల వెనకున్న మనిషి పేరేమిటని ఏనాడూ అడగలేదు. ఈ పాఠమంతా ఆ పేరు గురించే.

ముందుగా కొన్ని మాటలు

పాఠానికి ముందు కఠిన పదాలకు అర్థాలు చెప్పుకోవడం మన అలవాటు కదా. ఇక్కడ పదాలు కఠినమైనవి కావు. మనం వాడే తీరే కఠినం.

ట్రాన్స్‌జెండర్: పుట్టినప్పుడు ఆడపిల్ల అనో మగపిల్లవాడు అనో ఇతరులు నిర్ణయిస్తారు. పెరిగిన కొద్దీ తన మనసుకు తెలిసింది దానికి వేరుగా ఉన్నవారిని ఇలా అంటారు. మగపిల్లవాడిగా పెరిగి తాను స్త్రీనని తెలుసుకున్నవారు ట్రాన్స్ స్త్రీలు. ఆడపిల్లగా పెరిగి తాను పురుషుణ్ణని తెలుసుకున్నవారు ట్రాన్స్ పురుషులు.

హిజ్రా: గురువు, చేలా అనే వరసలతో, సొంత కట్టుబాట్లతో కలిసి బతికే సమాజానికి చెందినవారు. చేలా అంటే శిష్యురాలు. ఒక రకంగా కూతురు. తమిళంలో ఇప్పుడు గౌరవంగా 'తిరునంగై' అంటున్నారు.

క్వీర్: ట్రాన్స్‌జెండర్లను, తనలాంటి ఆడ లేదా మగ మనిషినే ప్రేమించేవారిని, ఇలా మామూలు చట్రంలో ఇమడని వారందరినీ కలిపి చెప్పే మాట. ఇంగ్లీషులో ఇది మొదట తిట్టు. ఎవరిని తిట్టారో వాళ్ళే దాన్ని తీసుకుని తమ పేరుగా మార్చుకున్నారు. 'దళిత' అనే మాట ఎలా మన మాట అయిందో తెలిసిన మనకు ఇది అర్థం కావడం కష్టం కాదు.

ఇక మన వీధుల్లో, మన వరండాల్లో వాడే మాటలున్నాయి. అవి మీకు తెలుసు. ఈ పాఠంలో రాయడం లేదు.

జీవితం

రేవతి తమిళనాడులోని నామక్కల్ ప్రాంతంలో ఒక పల్లెలో పుట్టారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు దొరైస్వామి. ముగ్గురు అన్నలు, ఒక అక్క తర్వాత ఆఖరి సంతానం. చిన్నప్పటి నుంచి అక్క బట్టలు కట్టుకోవాలనిపించేది. ఆడపిల్లలతో ఆటలు, ఇంటి ముందు ముగ్గులు, ఇంటి పనులు ఇష్టం. చిన్నతనంలో చూసి ముచ్చటపడ్డవాళ్ళే కాస్త వయసొచ్చాక ఎగతాళి చేయడం మొదలుపెట్టారు. బళ్ళో పిల్లల వెక్కిరింతలు, మాస్టర్ల దెబ్బలు, ఇంట్లో అన్నల దెబ్బలు. తాను తప్పు చేస్తున్నాననుకుందామంటే ఏ తప్పో తెలియదు. మానేద్దామంటే మానడానికి అది అలవాటు కాదు.

చివరకు తనలాంటివాళ్ళు ఉన్నారని తెలిసి ఇల్లు వదిలి ఢిల్లీ చేరారు. అక్కడ హిజ్రా గురువు దగ్గర చేలాగా చేరారు. ఇంటికి తిరిగి వచ్చినప్పుడు అన్న కొట్టాడు, జుట్టు తీయించి గుండు చేయించారు. మళ్ళీ వెళ్ళిపోయారు. శస్త్రచికిత్స చేయించుకుని స్త్రీగా మారారు. రేవతి అనే పేరుతో బతికారు. ముంబయిలో, తర్వాత బెంగుళూరులో దుకాణాల ముందు చెయ్యి చాపారు. పొట్టకూటి కోసం ఒళ్ళమ్ముకున్నారు. రౌడీల చేతుల్లో, పోలీసుల చేతుల్లో దెబ్బలు తిన్నారు. ఇవన్నీ ఆమె స్వయంగా రాసుకున్నవే. ఇంకొకరు చెప్పిన మాటలు కావు.

అయినా ఇంటితో బంధం తెంచుకోలేదు. వెళ్ళేది, తన్నులు తినేది, వచ్చేసేది, మళ్ళీ అమ్మను చూడాలని వెళ్ళేది. ఆస్తి పంపకాల దగ్గర అన్నలతో పోట్లాడి తన వాటా తాను అడిగింది. చదువుతుంటే మన పల్లెల్లో ఎన్నో ఇళ్ళు గుర్తొస్తాయి. కొడుకుగా ఒప్పుకోరు, కూతురుగానూ ఒప్పుకోరు, పంపిన డబ్బు మాత్రం ఒప్పుకుంటారు.

1999లో రేవతి జీవితం మలుపు తిరిగింది. బెంగుళూరులో లైంగిక అల్పసంఖ్యాకుల హక్కుల కోసం పనిచేసే 'సంగమ' అనే సంస్థలో చేరారు. చిన్న ఉద్యోగంతో మొదలుపెట్టి తర్వాతి కాలంలో ఆ సంస్థకే డైరెక్టరు అయ్యారు. బయట చెయ్యి చాపి నిలబడిన మనిషి బల్ల ముందు కుర్చీలో కూర్చుని పోలీసు అధికారులతో, పాత్రికేయులతో మాట్లాడారు. నెలజీతం చేతికి రావడం అంటే ఏమిటో మనలో చాలామందికి తెలుసు. మన ఇళ్ళల్లో మొదటి జీతం వచ్చిన రోజు ఎలా ఉంటుందో ఊహించుకోండి.

రచనలు: నాలుగు మెట్లు

రేవతి రచనా జీవితాన్ని నాలుగు మెట్లుగా చూడవచ్చని మాకు అనిపించింది.

మొదటి మెట్టు, ఇతరుల కథలు. తమిళనాడులోని హిజ్రాల దగ్గరకు వెళ్ళి వాళ్ళ జీవితాలు విని, రాసుకుని, 'ఉణర్వుం ఉరువముం' అనే పుస్తకం తెచ్చారు. 2004లో వచ్చింది. పేరుకు 'మనసూ రూపమూ' అని అర్థం చెప్పుకోవచ్చు. అప్పటిదాకా హిజ్రాల గురించి రాసినవాళ్ళు ఎక్కువగా బయటివాళ్ళు. డాక్టర్లు, పోలీసులు, పరిశోధకులు, సినిమావాళ్ళు. ఇక్కడ అడిగే మనిషీ చెప్పే మనిషీ ఒకే గూటివాళ్ళు. అడిగే ప్రశ్నే మారిపోయింది.

రెండో మెట్టు, తన కథ. ఇతరుల బాధ రాసిన చెయ్యి తన బాధ దగ్గరకు వచ్చేసరికి ఆగకూడదు కదా. తమిళంలోనే రాశారు. అయితే ముందు అచ్చయింది ఇంగ్లీషు అనువాదం. వి. గీత అనువదించగా 2010లో పెంగ్విన్ సంస్థ 'ది ట్రూత్ ఎబౌట్ మీ' పేరుతో వేసింది. తమిళ మూలం 'వెళ్ళై మొళి' 2011లో వచ్చింది. వెళ్ళై మొళి అంటే తెల్లని మాట, దాపరికం లేని మాట. సొంత భాషలో రాసిన కథ సొంత ఊరివాళ్ళకంటే ముందు దూరం వాళ్ళకు చేరింది. సొంతవాళ్ళ ముందు నిజం చెప్పడమే కష్టం అని మనకూ తెలుసు.

మూడో మెట్టు, తన తర్వాతివాళ్ళు. 2016లో నందినీ మురళికి చెప్పి రాయించిన 'ఎ లైఫ్ ఇన్ ట్రాన్స్ యాక్టివిజం' జుబాన్ సంస్థ ద్వారా ఇంగ్లీషులో వచ్చింది. ఇందులో సగం ఆమె ఉద్యమ జీవితం. మిగతా సగంలో ట్రాన్స్ పురుషుల జీవితాలున్నాయి. ఇది గమనించాల్సిన సంగతి. హిజ్రాలను రైల్లోనైనా చూస్తాం. ట్రాన్స్ పురుషులు అసలు కంటికి కనపడరు. ఆడపిల్లగా పెరిగినవాళ్ళు కాబట్టి ఇల్లు దాటి రావడమే కష్టం. తనకు దొరికిన వేదిక మీద తనకంటే వెనకున్నవారికి చోటిచ్చారు. ఉద్యమాల్లో ఇది అందరూ చేసే పని కాదు.

నాలుగో మెట్టు, రంగస్థలం. నాటక దర్శకురాలు ఎ. మంగై సహకారంతో 'వెళ్ళై మొళి'ని ఏకపాత్ర ప్రదర్శనగా మలిచి రేవతి తానే నటించారు. చదువురానివారికి పుస్తకం చేరదు. మాట చేరుతుంది. మన బుర్రకథ, జముకుల కథ ఈ సూత్రం మీదే బతికాయి.

2019లో ఇంకో విశేషం జరిగింది. న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయంలో బట్లర్ గ్రంథాలయం అని ఒకటుంది. దాని ముఖద్వారం పైన హోమర్, ప్లేటో, అరిస్టాటిల్ వంటి ఎనిమిదిమంది పురుషుల పేర్లు రాతిలో చెక్కి ఉంటాయి. ఆడవాళ్ళ పేరు ఒక్కటీ లేదని 1989లో ఒక విద్యార్థిని రచయిత్రుల పేర్లతో గుడ్డ బ్యానరు కట్టింది. ముప్ఫై ఏళ్ళ తర్వాత 2019లో మళ్ళీ బ్యానరు కట్టారు. టోనీ మారిసన్, మాయా ఏంజెలో వంటి ఎనిమిదిమంది రచయిత్రుల పేర్లలో ఎ. రేవతి పేరూ ఉంది. ఆ విశ్వవిద్యాలయం మనకు కొత్తదేమీ కాదు. 1913 నుంచి 1916 వరకు డాక్టర్ అంబేడ్కర్ చదువుకున్నది అక్కడే.

విజయవాడకు ఎలా వచ్చింది

ఈ పుస్తకాన్ని ఇంగ్లీషు నుంచి తెలుగులోకి తెచ్చినవారు పి. సత్యవతి గారు. 1940లో గుంటూరు జిల్లా కొలకలూరులో పుట్టారు. విజయవాడలో కళాశాల ఇంగ్లీషు అధ్యాపకురాలిగా పనిచేశారు. 'ఒక హిజ్రా ఆత్మకథ' పేరుతో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురించింది. ఈ అనువాదానికి 2019 సంవత్సరానికి కేంద్ర సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం వచ్చింది.

సత్యవతి గారు ఈ పుస్తకం ఎందుకు చేశారో ఆమె కథలు చదివినవారికి అర్థమవుతుంది. 'ఇల్లలకగానే' అనే కథ చాలామందికి తెలిసే ఉంటుంది. ఇల్లు అలుకుతూ అలుకుతూ ఒక గృహిణి తన పేరు మర్చిపోతుంది. అమ్మ, వదిన, ఫలానావారి భార్య అని అందరూ పిలుస్తారు కానీ పేరు ఎవరూ చెప్పరు. పేరు కోసం పుట్టింటికి వెళ్ళి సర్టిఫికెట్లు వెతుక్కుంటుంది. చివరకు చిన్ననాటి స్నేహితురాలు పేరు పెట్టి పిలిచాక ప్రాణం లేచొస్తుంది.

ఇప్పుడు రేవతిని చూడండి. ఆ కథలో స్త్రీకి పేరు ఉంది, మర్చిపోయింది. ఇక్కడ రేవతికి తన పేరు తెలుసు, లోకం ఒప్పుకోదు. డ్రైవింగ్ లైసెన్సు తీసుకునేటప్పుడు పేరు దగ్గర ఆఫీసులో పడిన తిప్పలు ఆత్మకథలో ఉన్నాయి. ఒకరు పేరు వెతుక్కున్నారు, ఇంకొకరు పేరు కోసం కొట్లాడారు. మా దృష్టిలో ఈ రెండూ అక్కాచెల్లెళ్ళ కథలు.

ఇంకొక సంగతి. వై.బి. సత్యనారాయణ గారు తమ దళిత కుటుంబం మూడు తరాల కథను 'మై ఫాదర్ బాలయ్య'గా ఇంగ్లీషులో రాశారు. రైల్వేలో చిన్న పని చేస్తూ పిల్లల్ని చదివించిన తండ్రి కథ. దాన్ని 'మా నాయన బాలయ్య'గా తెలుగు చేసిందీ సత్యవతి గారే. మన హాస్టల్లో బాలయ్య పుస్తకం చదివి మా నాన్న కథే అని కళ్ళు తుడుచుకున్నవాళ్ళం ఉన్నాం. అదే చెయ్యి అనువదించిన రెండో పుస్తకాన్ని మాత్రం లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లో అట్ట చూసి పక్కన పెట్టాం. ఎవరైనా చూస్తారేమోనని. మరోసారి వెళ్ళినప్పుడు మధ్యలో వేరే పుస్తకం పెట్టి కొన్నాం. సిగ్గుపడాల్సింది దేనికో మాకప్పటికి తెలియదు.

ఎలా రాశారు

పుస్తకం గొప్పదనం ఎక్కడుందో చెప్పడం పాఠంలో ముఖ్యమైన భాగం. మాకు తోచిన మూడు సంగతులు చెబుతాం.

ఒకటి, జాలి అడగలేదు. దెబ్బ తిన్నచోట దెబ్బ అని రాశారు. సంతోషపడ్డచోట సంతోషం అని రాశారు. మొదటిసారి చీర కట్టుకున్న ఆనందానికీ పోలీసు స్టేషన్లో అవమానానికీ ఒకే నిదానం.

రెండు, తనవాళ్ళను దేవతలుగా చూపించలేదు. హిజ్రా సమాజంలోని గురువుల పెత్తనం, ఇళ్ళ మధ్య తగాదాలు, జరిమానాలు, చేలాల మీద కట్టడి, అన్నీ రాశారు. ఇంట్లో నుంచి గెంటేసిన పిల్లకు అన్నం పెట్టి వరస కలిపింది కూడా ఆ గురువులే అని రాశారు. రెండూ నిజమే. సొంత వాడ గురించి, సొంత కులం గురించి రాసేవాళ్ళు నేర్చుకోవాల్సిన నిజాయితీ ఇది.

మూడు, తన తప్పులూ దాచలేదు. ప్రేమించి పెళ్ళి చేసుకున్న మనిషి దూరమైనప్పుడు పడిన బాధను కూడా గెలిచిన వీరురాలిలా కాక మామూలు మనిషిలా చెప్పుకున్నారు.

ఇలా రాసింది ఆమె ఒక్కతే కాదు. తమిళంలోనే లివింగ్ స్మైల్ విద్య 'నాన్ విద్య' అనే ఆత్మకథ రాశారు. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు బోధించిన కవి హోషంగ్ మర్చంట్ 1999లోనే భారతీయ గే రచనలను 'యారానా' పేరుతో సంకలనం చేశారు. తెలుగులో మాత్రం ఇలాంటి పుస్తకాలు తక్కువ. 2011 జనాభా లెక్కల్లో ఆడ, మగ కాక 'ఇతరులు' అని నమోదైనవారు దేశంలో 4,87,803 మంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మంది. ఇంతమందిలో ఎందరి కథలు తెలుగులో చదివాం? అందరూ చూస్తూనే ఉన్నారు, ఎవరూ వినడం లేదు.

మనవాళ్ళు పనికట్టుకుని వినని వాళ్ళు కూడా కాదు. 1963లో వచ్చిన 'నర్తనశాల'లో ఎన్టీ రామారావు గారి బృహన్నల వేషాన్ని మా తాతలు ఇప్పటికీ మెచ్చుకుంటారు. తెర మీద బృహన్నలకు చప్పట్లు, రైల్లో చప్పట్లు కొట్టిన మనిషికి చీదరింపు.

చట్టం ఏం చెప్పింది

పరీక్షలకు చదివే తమ్ముళ్ళు ఈ భాగాన్ని రాసి పెట్టుకోండి.

1871లో బ్రిటిషు ప్రభుత్వం నేరస్త జాతుల చట్టం తెచ్చింది. ఆ చట్టంలో రెండు భాగాలున్నాయి. ఒకటి కొన్ని జాతులను పుట్టుకతోనే నేరస్తులుగా నమోదు చేసేది. రెండోది హిజ్రాలను నమోదు చేసేది. ఆ నేరస్త జాతుల చట్టాలే తర్వాత మన కోస్తాకూ వచ్చాయి. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం అలా ఏర్పడ్డ సెటిల్‌మెంటే. ఎరుకల తమ్ముళ్ళు ఈ సంగతి ఇంట్లో పెద్దలను అడిగితే చెబుతారు. మన తాతలనూ రేవతి గురువుల గురువులనూ ఒకే రకం చట్టాలు, ఒకే రకం రిజిస్టర్లలో రాశాయి. నిజాం కాలంలో హైదరాబాదు రాజ్యంలోనూ హిజ్రాల మీద ఇలాంటి చట్టం వచ్చింది. వైజయంతి వసంత మోగ్లి తదితరులు వేసిన కేసులో తెలంగాణ హైకోర్టు 2023 జులైలో దాన్ని కొట్టివేసింది.

2014 ఏప్రిల్ 15న నల్సా కేసులో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్లను మూడో జెండరుగా గుర్తించింది. తానెవరో చెప్పుకునే హక్కు తనదే అని చెప్పింది. విద్యలో, ఉద్యోగాల్లో వెనకబడిన వర్గంగా చూడాలని ప్రభుత్వాలను ఆదేశించింది. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు 377వ సెక్షను మీద తీర్పు ఇచ్చింది. ఇష్టపడిన పెద్దవాళ్ళ మధ్య ప్రేమ నేరం కాదని చెప్పింది. 2019లో పార్లమెంటు ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టం చేసింది. 2020 జనవరి 10 నుంచి అమల్లోకి వచ్చింది. విద్యాసంస్థల్లో వివక్ష కూడదని ఆ చట్టం చెప్పింది.

మనకు నేరుగా తగిలేది ఇంకొకటుంది. మన రాష్ట్రంలో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997లోనే వచ్చింది. 2016లో యూజీసీ తన ర్యాగింగ్ నిబంధనలను సవరించి, కులం, మతం, రంగుతోపాటు జెండరు, లైంగికత, రూపం ఆధారంగా ఒక విద్యార్థిని వేధించడం, వెలివేయడం కూడా ర్యాగింగే అని చేర్చింది. అంటే వెక్కిరించడమే కాదు, పక్కన కూర్చోనివ్వకపోవడం కూడా. రేపు కాలేజీలకు వెళ్ళే తమ్ముళ్ళు ఇది తెలుసుకుని వెళ్ళాలి.

మన వరండాలో

ఇక్కడిదాకా పుస్తకాల సంగతి. ఇది రాయకపోతే పైదంతా రాసి ప్రయోజనం లేదు.

2018లో మేం పదో తరగతి. సెప్టెంబరులో ఆ తీర్పు వచ్చిన మర్నాడు హాస్టల్ బల్ల మీద పేపరు ఉంది. మాలో ఒకడు ఆ వార్తను గట్టిగా చదివాడు. అందరం ఒక ఎనిమిదో తరగతి తమ్ముడి వైపు తిరిగి చప్పట్లు కొట్టాం. రైల్లో కొట్టినట్టు.

ఆ తమ్ముడు దివిసీమ వైపు నుంచి వచ్చాడు. తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. నడక మెత్తగా ఉండేది, మాట మెత్తగా ఉండేది. జనవరి 26కి జెండా దిమ్మె చుట్టూ ముగ్గు వేసేది అతనే. ఆ ముగ్గుకు వచ్చిన అధికారులు మెచ్చుకున్నారు. అప్పుడు మన హాస్టల్ పేరు అని గర్వపడ్డాం. మిగతా రోజుల్లో మాత్రం అతని అసలు పేరు మేం పిలవలేదు. ఒక మాట పెట్టాం, అదే పిలిచాం. రెండేళ్ళు పిలిచాం. కొట్టలేదు కదా, సరదాకే కదా అనుకున్నాం. స్నానాల దగ్గర అతన్ని ఏడిపించేవాళ్ళున్నారని తెలిసీ ఊరుకున్నాం. అతను తెల్లవారుజామున నాలుగింటికే లేచి స్నానం ఎందుకు చేసేవాడో అప్పుడు ఆలోచించలేదు.

దసరా సెలవులకు వెళ్ళాడు, తిరిగి రాలేదు. తర్వాత వాళ్ళ నాన్న వచ్చి రేకు పెట్టె తీసుకువెళ్ళాడు. ఏమయిందని ఆయన మమ్మల్ని అడిగాడు. తెలీదండీ అన్నాం. నీళ్ళు నమిలాం. ఆయన పెట్టె భుజాన పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఒక కూలీ మనిషి కొడుకును చదివించుకుందామని మన హాస్టల్ మీద పెట్టుకున్న నమ్మకం ఆ పెట్టెతోపాటు వెళ్ళిపోయింది.

ఒక్కటి మాత్రం ఉండిపోయింది. అతని స్టీలు కంచం. హాస్టల్లో కంచాలు మారిపోకుండా అందరం పేర్లు చెక్కించుకుంటాం కదా. చుక్కలు చుక్కలుగా అతని పేరు ఆ కంచం అంచున ఉంది. కంచం తక్కువైనప్పుడు మాలో ఎవరో ఒకరం అందులో తిన్నాం. అన్నం తింటూ ఆ పేరు చదివాం. నోరారా ఎప్పుడూ పిలవని పేరు.

అతను ట్రాన్స్‌జెండరా, కాదా అంటే మేం చెప్పకూడదు. అతను ఎప్పుడూ ఏమీ చెప్పుకోలేదు. మెత్తగా మాట్లాడేవాళ్ళందరూ అలాంటివారు కాదు, గట్టిగా మాట్లాడేవాళ్ళు అలాంటివారు కాకపోరు. మెత్తటి నడకకు మనమే పేరు పెట్టేయడం కూడా తప్పే. అతను ఎవరయినా కావచ్చు. మన హాస్టల్ విద్యార్థి మాత్రం ఖచ్చితంగా అయ్యాడు. ఆ హక్కును మేం తీసేశాం.

కులం పేరు పెట్టి పిలిస్తే ఎలా ఉంటుందో మనకు ఇంకొకరు నేర్పక్కర్లేదు. హోటల్లో, బళ్ళో, బస్సులో, ఊళ్ళో మనల్ని పేరుతో కాకుండా ఏ మాటతో పిలిచారో మన నాన్నలకు తెలుసు. ఆ మాట పడ్డవాళ్ళ పిల్లలం. అదే మాటను మన పక్క మంచం మీది వాడికి ఇంకో రూపంలో ఇచ్చాం. రేవతి పుస్తకం చదువుతూ బళ్ళో పిల్లలు ఆమెను వెక్కిరించిన పేజీల దగ్గర మేం ఆగిపోయాం. మేం రేవతి వైపు లేం. ఆ వెక్కిరించే పిల్లల్లో ఉన్నాం.

మాలో కొందరం మా ఇళ్ళల్లో డిగ్రీ దాటిన మొదటివాళ్ళం. ఈ హాస్టల్ లేకపోతే ఆ మాట చెప్పుకోలేకపోయేవాళ్ళం. అతనికి కూడా ఆ మాట చెప్పుకునే రోజు వచ్చి ఉండాల్సింది.

చేయదగిన పనులు

తమ్ముళ్ళారా, ఉపన్యాసం వద్దు. నాలుగు పనులు చెబుతాం.

1. హాస్టల్లో ఎవరినైనా కంచం మీది పేరుతోనే పిలవండి. అతనికి వేరే పేరు ఇష్టమైతే అతనే చెబుతాడు, అప్పుడు ఆ పేరుతో పిలవండి.

2. స్నానాల దగ్గర, పడకల దగ్గర ఎవరినైనా ఏడిపిస్తుంటే నవ్వకండి. నవ్వేవాళ్ళు లేకపోతే ఏడిపించేవాడికి సరదా తీరిపోతుంది.

3. మీకే ఇబ్బంది ఉంటే వార్డెన్ గారికి, నమ్మకమైన మాస్టరుకు చెప్పండి. చెప్పుకునే దిక్కు లేదనిపిస్తే 1098కి ఫోను చేయండి. పిల్లల కోసం పెట్టిన నంబరు, డబ్బు తీసుకోరు.

4. సెలవుల తర్వాత ఎవరైనా తిరిగి రాకపోతే ఎందుకు రాలేదో అడగండి. మేం అడగలేదు.

ఆలోచించండి, చర్చించండి

1. 'ఇల్లలకగానే' కథలో స్త్రీకీ, రేవతికీ పేరు విషయంలో ఉన్న పోలికలు, తేడాలు రాయండి.

2. రేవతి తన కథకంటే ముందు ఇతరుల కథలు ఎందుకు రాసి ఉంటారు?

3. 1871 చట్టం రెండు రకాల మనుషులను ఒకే చట్టంలో ఎందుకు చేర్చింది? మీ ఇంట్లో పెద్దలను అడిగి రాయండి.

4. మీ గదిలో పేరుతో పిలవని మనిషి ఎవరైనా ఉన్నారా? ఈ ప్రశ్నకు జవాబు కాగితం మీద రాయక్కర్లేదు.

మధ్యలో వేరే పుస్తకం పెట్టి కొన్న 'ఒక హిజ్రా ఆత్మకథ' ప్రతిని ఈ సంచికతోపాటు హాస్టల్ గ్రంథాలయానికి ఇస్తున్నాం. 'మా నాయన బాలయ్య' పక్కనే పెట్టమని వార్డెన్ గారిని కోరాం. అట్ట వేయకుండా పెట్టమన్నాం. పెద్ద తరగతుల తమ్ముళ్ళు తీసుకుని చదవండి.

ఆ తమ్ముడు ఈ సంచిక ఎక్కడైనా చూస్తే, మేం అతని పేరు ఇక్కడ రాయలేదని గమనిస్తాడు. మర్చిపోయి కాదు. ఆ పేరును మళ్ళీ పదిమంది నోళ్ళలో పెట్టే హక్కు మాకు లేదు కనుక. అతని కంచం మాత్రం వంటగదిలో వెతికి తీశాం. తోమి, తుడిచి, ఆఫీసు గది బీరువాలో పెట్టించాం. ఎప్పుడు వచ్చినా తీసుకువెళ్ళవచ్చు.